టచ్ ప్రోబ్‌తో ‘త్రీడీ స్కానింగ్’ కిట్ కొనబోతున్నారా? ముందు నా 4,800 ఎలా పోయాయో చదవండి

ఇంట్లో 3018 లాంటి చిన్న సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కేది) ఉన్నవాళ్లకి ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెగ కనిపిస్తోంది. వెండి రంగు ప్రోబ్ (వస్తువుని తాకి కొలిచే పరికరం), కింద సన్నటి కడ్డీ, దాని కొసన ఎర్ర పూస. వీడియోలో ఆ పూస బొమ్మ మీద టకటకా తాకుతూ పోతుంటే పక్కన కంప్యూటర్‌లో బొమ్మ తయారైపోతుంటుంది. “0.01 మిల్లీమీటర్ కచ్చితత్వం, రూబీ టిప్, ప్లగ్ పెడితే చాలు” అని రాసుంటుంది. నేను పడిపోయాను. 4,800 రూపాయలు, పైన కొరియర్ 150. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయను. పైగా ఇదే సరుకు నాలుగైదు పేర్లతో తిరుగుతోంది, పేరు తెలుసుకుని చేసేదేం లేదు.

నాకు దీంతో పనేంటంటే, మా మావయ్యది పెడన. కలంకారీ అద్దకానికి వాడే టేకు అచ్చు ఒకటి అంచు చీలిపోయి మూల పడుంది. స్కాన్ చేసి అచ్చం అలాంటిదే చెక్కిస్తానని నలుగురిలో గొప్పలు పోయాను.

డబ్బాలో కాగితం ముక్క లేదు, ఒక లింకు ఉంది. ప్లగ్ పెట్టి జీ38.2 (తాకేదాకా దిగమనే కమాండ్) ఇవ్వగానే అలారం 4, అంటే ప్రోబ్ ముందే తాకి ఉందని. మిషన్ కదలనే లేదు. ఒక పూటంతా వైర్లు పీకి పెట్టాక తెలిసిందేంటంటే, ఈ ప్రోబ్ నార్మల్లీ క్లోజ్డ్ రకం, అంటే తాకినప్పుడు సర్క్యూట్ తెగుతుంది. మిషన్‌ని నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్ మాత్రం తాకినప్పుడు సర్క్యూట్ కలవాలని చూస్తుంది. అందులో డాలర్ 6 ($6) సెట్టింగ్‌ని 1 చేస్తే సరిపోయింది. ఇది తప్పేం కాదు, నిజానికి ఈ రకమే మంచిది. వైరు ఊడితే మిషన్ ఆగిపోతుంది, ప్రోబ్‌ని తీసుకెళ్లి బల్లకేసి కుమ్మదు. ఆ ఒక్క లైను రాసి డబ్బాలో పడేయడానికి వాళ్లకేం బరువో!

అసలు మోసం ఆ తర్వాత బయటపడింది. ఒకే చోట 20 సార్లు తాకించి, ప్రతిసారీ వచ్చే జెడ్ (ఎత్తు) అంకెని కాగితం మీద రాసుకున్నాను. ఎక్కువకీ తక్కువకీ తేడా 0.09 మిల్లీమీటర్. మిషన్ లూజేమో అనుకుని ప్రోబ్ తీసేసి, కాలెట్‌లో (బిట్‌ని పట్టుకునే బిగింపు) మామూలు బిట్ పెట్టి టచ్ ప్లేట్‌తో (బిట్ తాకితే సర్క్యూట్ కలిసే లోహపు పలక) మళ్లీ 20 సార్లు చేశాను. తేడా 0.01. మిషన్ పాపం బంగారం. పక్క నుంచి తాకిస్తే ప్రోబ్ ఇంకా ఘోరం, ఒక దిక్కున ఒకలా, ఇంకో దిక్కున ఒకలా. లోపల మూడు కాళ్లు ఉంటాయి కాబట్టి మంచి ప్రోబ్‌లలోనూ దిక్కుని బట్టి కాస్త తేడా వస్తుంది, కానీ 0.2 రాదు. ఇక ఆ రూబీ సంగతి. కుట్టుసూదితో గీస్తే గీత పడింది. కెంపు మీద ఉక్కు గీత పడదండీ. అది ఎర్ర ప్లాస్టిక్కు.

అయినా బుద్ధి రాలేదు, స్కాన్ పెట్టాను. 60 బై 60 మిల్లీమీటర్ల అచ్చు, అర మిల్లీమీటరుకొక చుక్క. లెక్కేస్తే 14,641 చుక్కలు. చుక్కకి ఐదు సెకన్లనుకున్నా 20 గంటల పైమాటే. వీడియోలో అది రెండు నిమిషాలు! లింకులో వాళ్లిచ్చిన ఫైలే వాడాను. రాత్రి ఒంటిగంటకి ‘టిక్’మని చప్పుడైతే లేచి చూశాను, కడ్డీ వంగి ఉంది. ఆ ఫైలులో ప్రతి చుక్క తర్వాత ప్రోబ్ తాకిన చోటు నుంచి రెండు మిల్లీమీటర్లే లేచి పక్కకి జరుగుతుంది. అచ్చులో చెక్కిన లోతు నాలుగు. అడుగున తాకి, రెండు లేచి, పక్కకి జరిగితే గోడే కదా! మామూలు జీ0 కదలికలో (వేగంగా చోటు మారేటప్పుడు) జీఆర్‌బీఎల్ ప్రోబ్ వైపు చూడనే చూడదు. ముందే ఆ ఫైలు తెరిచి చదవకపోవడం నా బద్ధకం, ఒప్పుకుంటాను. ఎవరిచ్చిన ఫైలైనా సరే, ప్రతిసారీ వస్తువు నెత్తి కన్నా పైకి లేచేలా మార్చుకోండి. ప్రోబ్ కాలెట్‌లో ఉన్నంతసేపూ స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటారు) వైరు పీకేసి ఉంచండి.

కడ్డీ మారుద్దామంటే మర లేదు, గమ్‌తో అతికించేశారు. మంచివాటిలో ఎం2 మర ఉంటుంది, విరిగితే కడ్డీ ఒక్కటీ కొనుక్కోవచ్చు. వెనక్కి తీసుకోమంటే “వాడేశారు, గీతలున్నాయి” అన్నారు. జీఎస్టీ బిల్లు అడిగాక మాట్లాడటమే మానేశారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏం తేలలేదు. ఎలాగూ తీసుకోరని మూత విప్పి చూశాను. మూడు కాళ్లు ఆరు గోళీల మీద కూర్చోవాల్సిన చోట రెండు గోళీల బదులు సోల్డర్ బొట్లున్నాయి!

ఇంతా విన్నాక కూడా కొంటానంటే మీ ఇష్టం. పార్సిల్ విప్పుతూ ఆపకుండా వీడియో తీయండి, రిటర్న్ గడువు దాటకముందే ఆ 20 తాకుడ్ల పరీక్ష చేయండి, బిల్లు ఇవ్వనంటే అక్కడే వదిలేయండి. ఇంకొకటి, సరుకు మంచిదైనా నా పనికి రాకపోయేది. పూస రెండు మిల్లీమీటర్లు, అచ్చులో చాలాచోట్ల గీతల మధ్య సందు ఒకటిన్నర కూడా లేదు. పూస దూరని చోటు స్కాన్‌లో పూడిపోయినట్టే వస్తుంది. ఈ ముక్క కొనకముందు తట్టలేదు చూడండి, అదీ నా తెలివి.

ఇదంతా ఫోన్‌లో చెబితే మావయ్య నవ్వి, “ఒరేయ్, అచ్చంటే ఎత్తూ పల్లమూ రెండే కదరా! రంగులో ముంచి కాగితం మీద కొట్టు, ఆ బొమ్మ చాలదా నీకు?” అన్నాడు. కొట్టాను. పక్క వీధి జిరాక్స్ షాపులో స్కాన్ చేయిస్తే పది రూపాయలు తీసుకున్నారు.