మోడ్‌బస్ టు ప్రొఫినెట్ గేట్‌వే: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

జడ్చర్ల వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో యూటిలిటీ బ్లాక్ పని చేశాం, అక్కడ మోడ్‌బస్ మీటర్ల డేటాని ప్రొఫినెట్ నెట్‌వర్క్‌కి అర్థమయ్యేలా మార్చడానికి పెట్టిన గేట్‌వే గురించి రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా. మొదటి వారంలో రాసుంటే ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి, రెండో నెలలో రాసుంటే రెండే ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు నాలుగు ఇస్తున్నా. కంపెనీ పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే మీరు ఏ కంపెనీది కొన్నా నేను కింద చెప్పేవి చూసుకోవాల్సిందే, పేరు రాస్తే అందరూ పేరు చూసి వెళ్ళిపోతారు, అసలు విషయం చదవరు.

అక్కడి పరిస్థితి ముందు చెప్తా. పీఎల్‌సీ (ప్లాంట్‌ని నడిపే కంట్రోలర్) సీమెన్స్ ఎస్7-1200, కింద ప్యానెల్ రూములో ఉంది, ప్రొఫినెట్ (ఫ్యాక్టరీల్లో వాడే ఈథర్‌నెట్ నెట్‌వర్క్) మీద నడుస్తుంది. పై బ్లాకులో 9 ఎనర్జీ మీటర్లు, చిల్డ్ వాటర్ పంపులకీ కూలింగ్ టవర్ ఫ్యాన్లకీ కలిపి 5 వీఎఫ్‌డీలు (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్‌లు), వీటికి ఉన్నదల్లా మోడ్‌బస్ ఆర్‌టీయూ, అంటే రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి. మోడ్‌బస్ అంటే మోడికాన్ వాళ్ళు 1979లో తెచ్చింది, నేను పుట్టకముందుది, అయినా ఇవాళ కొత్తగా కొన్న మీటర్ వెనక్కి తిప్పి చూసినా ఆ రెండు వైర్ల టెర్మినల్ కనపడుతుంది. మేనేజ్‌మెంట్ వాళ్ళకి కావాల్సింది ఏ పంపు ఎంత కరెంట్ తింటుందో స్కాడాలో (ప్లాంట్ మొత్తం చూపించే కంప్యూటర్ స్క్రీన్) కనపడటం, షిఫ్ట్ వాళ్ళకి కావాల్సింది కింద కూర్చుని పంపు స్పీడ్ మార్చుకోవడం.

చాలామంది అడిగే ప్రశ్న, ఎస్7-1200కి పక్కనే తగిలించే ఆర్‌ఎస్ 485 (మోడ్‌బస్ పోయే రెండు వైర్ల లైను) మాడ్యూల్ ఉంటుంది కదా, సీఎం 1241, గేట్‌వే ఎందుకు అని. ఉంటుంది, నేను వేరే చోట్ల వాడాను, బాగానే పనిచేస్తుంది. కానీ ఇక్కడ రెండు అడ్డాలు. ఒకటి, మీటర్లు పైన పీఎల్‌సీ కింద, ఆ 485 కేబుల్ మొత్తం మోటార్ కేబుళ్ళు పోయే దారిలోనే లాక్కుని రావాలి, అదే ఈథర్‌నెట్ అయితే పై బ్లాకులో స్విచ్ ఆల్రెడీ ఉంది. రెండోది ఇంకా పెద్దది, ఫార్మా ప్లాంట్ కాబట్టి పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో ఒక్క లైను మార్చినా చేంజ్ కంట్రోల్ (మార్పుకి ముందు తీసుకోవాల్సిన అనుమతి), డాక్యుమెంట్లు, క్వాలిటీ వాళ్ళ సంతకాలు, మళ్ళీ టెస్టింగ్. మాడ్యూల్ పెడితే 14 డివైసులని వరసగా అడిగే లాజిక్ అంతా ప్రోగ్రామ్‌లో రాయాలి, గేట్‌వే పెడితే ఆ అడగడం అంతా అదే చూసుకుంటుంది, పీఎల్‌సీకి మాత్రం అది మామూలు ఐఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) లాగా కనపడుతుంది. అందుకే జీఎస్టీ కాక 38 వేలు పెట్టి ఇది తీసుకున్నాం.

బాక్స్ చిన్నదే, డిన్ రైల్ మీద క్లిక్ అని కూర్చుంటుంది, 24 వోల్టుల డీసీ సప్లై, ఈథర్‌నెట్ పోర్టులు రెండు, 485 టెర్మినల్ ఒకటి. టెర్మినల్ బ్లాక్ ఊడదీసి వైర్లు బిగించుకుని మళ్ళీ గుచ్చేలా ఇచ్చారు, ఇరుకు ప్యానెల్‌లో ఈ చిన్న సౌకర్యం ఎంత ఉపయోగమో పని చేసేవాళ్ళకే తెలుస్తుంది. బాక్సులో పేపర్ మాన్యువల్ ఒక్క మడత కాగితం, అంతే, మిగతాదంతా డౌన్‌లోడ్ చేసుకోవాలి.

వైరింగ్ దగ్గర ఒక రోజు పోయింది, అందులో గేట్‌వే తప్పేం లేదు. ఏ, బీ అని రాసిన రెండు వైర్లలో ఏది ప్లస్ ఏది మైనస్ అనేది ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది, మా మీటర్లలో ఏ అంటే ప్లస్, వీఎఫ్‌డీల్లో ఏ అంటే మైనస్, అన్నీ ఏ నుంచి ఏ కి కలుపుకుంటూ పోయిన మా కుర్రాడు మీటర్లు వస్తున్నాయి డ్రైవ్‌లు రావట్లేదన్నా అని పొద్దుటి నుంచి తల పట్టుకున్నాడు, రెండు వైర్లు అటూ ఇటూ మార్చగానే వచ్చేశాయి. ఇంకోటి, టెర్మినేషన్. 120 ఓమ్స్ రెసిస్టర్ లైను రెండు చివర్లలోనే ఉండాలి, మధ్యలో ఉండకూడదు. పవర్ ఆఫ్ చేసి రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే 60 ఓమ్స్ దగ్గర్లో చూపించాలి, 120 చూపిస్తే ఒకటే ఉన్నట్టు, 40 చూపిస్తే ఎవరో మధ్యలో మూడోది ఆన్ చేసినట్టు. మాకు 40 వచ్చింది, వెతికితే ఒక వీఎఫ్‌డీ లోపల చిన్న స్విచ్ ఆన్‌లో ఉంది. కేబుల్ మాత్రం రాణిగంజ్‌లో షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ పెయిర్ అడిగి తెచ్చుకున్నాం, షీల్డ్ ఒక్క వైపే ఎర్త్ చేశాం, డ్రైవ్ నుంచి మోటార్‌కి పోయే కేబుల్‌కి దూరంగా వేరే ట్రేలో లాగాం. ఇక్కడ డబ్బు మిగుల్చుకుందామని మామూలు కంట్రోల్ కేబుల్ వేస్తే తర్వాత ఏ గేట్‌వే పెట్టినా ఎర్రర్లే వస్తాయి, దయచేసి అలా చేయొద్దు.

కాన్ఫిగరేషన్ అంతా వెబ్ పేజీలోనే, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఇది నాకు బాగా నచ్చింది. ల్యాప్‌టాప్ ఐపీ మార్చుకుని బ్రౌజర్‌లో ఓపెన్ చేస్తే ఒక టేబుల్ వస్తుంది, స్లేవ్ అడ్రస్ (అడిగితే జవాబిచ్చే ఒక్కో డివైస్ నంబర్), ఫంక్షన్ కోడ్ (ఏ రకం రిజిస్టర్ చదవాలో చెప్పే నంబర్), రిజిస్టర్ (డివైస్‌లో వాల్యూ ఉండే గడి), ఎన్ని రిజిస్టర్లు, ఎంతసేపటికి ఒకసారి అడగాలి, నింపుకుంటూ పోవడమే. పాస్‌వర్డ్ ముందు మార్చేయండి, డిఫాల్ట్‌ది మాన్యువల్‌లో అందరికీ కనపడేలా ఉంటుంది. కొత్తవాళ్ళు ఆగిపోయేది రిజిస్టర్ నంబర్ దగ్గర. మీటర్ మాన్యువల్‌లో 40101 అని ఉంటే ఇక్కడ 100 అని ఇవ్వాలి, ముందున్న 4 అనేది హోల్డింగ్ రిజిస్టర్ అని చెప్పడానికే, మిగతా నంబర్ 1 నుంచి మొదలవుతుంది, వైర్ మీద మాత్రం సున్నా నుంచి. అదే 30101 అని ఉంటే ఫంక్షన్ కోడ్ 3 కాదు, 4 పెట్టాలి. ఈ గేట్‌వే సున్నా నుంచి లెక్క వేస్తుందని వెబ్ పేజీలో ఎక్కడా రాయలేదు, మేమే ఒకటి తక్కువ ఒకటి ఎక్కువ పెట్టి చూసి తెలుసుకున్నాం, ఒక్క లైను రాసుంటే సరిపోయేది.

తర్వాత ఫ్లోట్ (దశాంశాల అంకె) గొడవ. ఒక్క మోడ్‌బస్ రిజిస్టర్ 16 బిట్లే కాబట్టి వోల్టేజ్ లాంటి దశాంశాల వాల్యూ రెండు రిజిస్టర్లలో వస్తుంది, ఏది ముందు ఏది వెనక అనేది మళ్ళీ కంపెనీని బట్టే. 230 వోల్టులు అంటే హెక్స్‌లో 4366, 0000. ఇది తిరగబడి 0000, 4366 అయితే స్క్రీన్ మీద సున్నా కనపడుతుంది, వోల్టేజ్ కాస్త మారగానే ఎక్కడిదో తెలియని పిచ్చి అంకె వస్తుంది. మీకు ఇలా ఒకసారి సున్నా ఒకసారి పిచ్చి అంకె కనపడితే వైరింగ్ పీకొద్దు, వర్డ్ స్వాప్ (రెండు రిజిస్టర్ల వరస తిప్పడం) ఆన్ చేసి చూడండి. ఈ బాక్సులో ఆ ఆప్షన్ ఒక్కో లైనుకి విడివిడిగా ఇచ్చారు, మీటర్లకి స్వాప్, డ్రైవ్‌లకి లేకుండా పెట్టుకోగలిగాం, దీనికి మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

స్పీడ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాల్యూలు లేటుగా వస్తున్నాయి గేట్‌వే స్లో అని చాలామంది అంటారు. 9600 బాడ్‌లో (సెకండుకి 9600 బిట్లు) పారిటీతో (తప్పులు పట్టే బిట్) కలిపి ఒక్కో బైట్‌కి 11 బిట్లు, అంటే 1.15 మిల్లీసెకండ్లు. ఒక ఫ్లోట్ అడగడానికి 8 బైట్లు పోతాయి, 9 బైట్లు తిరిగొస్తాయి, దానికే 20 మిల్లీసెకండ్లు దాకా, మీటర్ జవాబు ఇవ్వడానికి తీసుకునే టైమ్ కలిపితే మా దగ్గర 55 దాకా వచ్చింది. ఒక్కో మీటర్ నుంచి 10 వాల్యూలు విడివిడిగా అడిగితే 9 మీటర్లకి 90 సార్లు, 5 సెకండ్లు. అదే ఆ 10 వాల్యూలూ పక్కపక్కన ఉన్న 20 రిజిస్టర్లు కాబట్టి ఒకేసారి అడిగితే మొత్తం 9 మీటర్లు సెకండు లోపు అయిపోతాయి. బాక్స్ అదే, కేబుల్ అదే, టేబుల్ రాసే పద్ధతిలోనే తేడా అంతా. టైమ్‌అవుట్ కూడా డిఫాల్ట్‌గా 1000 మిల్లీసెకండ్లు, 3 రీట్రైలు ఉంది, అంటే ఒక్క మీటర్ చచ్చిపోతే దాని కోసం ప్రతి రౌండ్‌లో 4 సెకండ్లు మిగతా అందరూ ఆగాలి. 300కి తగ్గించి ఒక్క రీట్రై పెట్టాం.

ప్రొఫినెట్ వైపు పని ఆదివారం షట్‌డౌన్ తీసుకుని చేశాం, ఎస్7-1200లో హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్ డౌన్‌లోడ్ చేయాలంటే సీపీయూ స్టాప్‌లోకి వెళ్ళాల్సిందే, నడుస్తున్న ప్లాంట్‌లో ముందుగా ప్లాన్ చేసుకోకుండా చేయకండి. జీఎస్‌డీఎంఎల్ ఫైల్ (గేట్‌వే వివరాలు ఉండే ఫైల్) టీఐఏ పోర్టల్‌లో (సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) వేసుకుని, స్లాట్లలో ఇన్‌పుట్ మాడ్యూళ్ళు పెట్టుకుని, డివైస్ పేరు అసైన్ చేయడం, గంటలో అయిపోయింది. మీటర్లకే 360 బైట్లు, ఎస్7-1200లో ఇన్‌పుట్ ఏరియా మొత్తం 1024 బైట్లే కాబట్టి అవసరమైన వాల్యూలే తీసుకోండి. ఒక్కచోట కంగారు పడ్డాం, పీఎల్‌సీ కనెక్ట్ అవగానే వెబ్ పేజీ రావడం ఆగిపోయింది, బాక్స్ పోయిందనుకున్నాం. ప్రొఫినెట్‌లో కంట్రోలర్, అంటే పీఎల్‌సీ, డివైస్ పేరు చూసి దానికి తనే ఐపీ ఇస్తుంది, మేం పెట్టిన పాత ఐపీ పోయి ప్రాజెక్టులో ఉన్న కొత్త ఐపీ వచ్చింది, అది కొట్టగానే పేజీ వచ్చింది.

ఇక ఒక స్టార్ ఎందుకు కోశానో. రెండో నెలలో ఒక రాత్రి పై బ్లాకులో కరెంట్ పోయింది, మీటర్లన్నీ ఆరిపోయాయి, గేట్‌వే మాత్రం యూపీఎస్ మీద ఉంది. షిఫ్ట్ ఆపరేటర్ నాకు ఫోన్ చేశాడు, "సార్, పైన కరెంట్ లేదు, స్కాడాలో మాత్రం 412 వోల్టులు చూపిస్తోంది, ఇది కరెక్టేనా?" అని. కరెక్ట్ కాదు. గేట్‌వే చివరిసారి చదివిన వాల్యూనే పట్టుకుని కూర్చుంది, పీఎల్‌సీకి అదే పంపుతూ ఉంది, ప్రొఫినెట్ లింక్ బాగుంది కాబట్టి పీఎల్‌సీకి ఏ అలారమూ రాలేదు. ఆ కుర్రాడు ట్యూబ్‌లైట్ చూసి అనుమానపడ్డాడు కాబట్టి తెలిసింది, లేకపోతే ఎన్ని రోజులు తప్పు రీడింగ్ నమ్మేవాళ్ళమో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే కమిషనింగ్ రోజు నేను కేబుల్ పీకి చూడలేదు, వాల్యూలు వస్తున్నాయని సంతకం పెట్టి వచ్చేశా.

తర్వాత రోజు వెళ్ళి చూస్తే సెట్టింగ్ ఉంది, స్లేవ్ జవాబు ఇవ్వకపోతే పాత వాల్యూ ఉంచాలా సున్నా చేయాలా అని, డిఫాల్ట్‌గా ఉంచమని ఉంది. స్టేటస్ బైట్లు కూడా ఉన్నాయి, ఏ స్లేవ్ బతికుందో ఏది లేదో ఒక్కో బిట్‌లో చెప్తుంది, కానీ దానికి వేరే స్లాట్ మాడ్యూల్ పెట్టుకోవాలి, మాన్యువల్‌లో 60వ పేజీ తర్వాత ఎక్కడో రెండు లైన్లలో రాశారు. ఇంత ముఖ్యమైనది అంత లోపల పెట్టడం నాకు నచ్చలేదు, అందుకే ఆ స్టార్ కోత. ఉత్త సున్నా చేసినా చాలదు, సున్నా ఆంపియర్లు అంటే పంపు ఆగిందా మీటర్ పోయిందా తెలియదు, స్టేటస్ బిట్ తెచ్చుకుని స్కాడాలో ఆ మీటర్ అంకె బూడిద రంగులోకి మారేలా పెట్టాం. దానికి చేంజ్ కంట్రోల్ మళ్ళీ మొదటి నుంచి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది మరీ ప్రమాదం. పీఎల్‌సీ ఈథర్‌నెట్ కేబుల్ పీకి టెస్ట్ చేశాం, పంపు 38 హెర్ట్జ్ మీద అలాగే తిరుగుతూనే ఉంది. వీఎఫ్‌డీలో కమ్యూనికేషన్ పోతే ట్రిప్ అవ్వమని పెట్టాం కదా మరి ఎందుకు అవలేదు అంటే, వీఎఫ్‌డీ దృష్టిలో కమ్యూనికేషన్ పోలేదు, గేట్‌వే పాత స్పీడునే దానికి మళ్ళీ మళ్ళీ రాస్తోంది. ప్రొఫినెట్ పోతే రాయడం ఆపేసే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేశాక 5 సెకండ్లలో డ్రైవ్ ట్రిప్ అయింది. స్టార్ట్, స్టాప్, ఎమర్జెన్సీ మేం ముందు నుంచీ హార్డ్ వైర్ మీదే ఉంచాం, మోడ్‌బస్ మీద స్పీడ్ ఒక్కటే ఇచ్చాం. మీరూ అలాగే ఉంచండి, ఎవరు ఎంత చెప్పినా ఎమర్జెన్సీ స్టాప్ గేట్‌వే గుండా పంపొద్దు.

సపోర్ట్ బాగుంది. మెయిల్ పెడితే మర్నాడు జవాబు, రెండోసారి వాళ్ళ ఇంజనీర్ ఫోన్ చేసి స్క్రీన్ చూస్తూ కూర్చున్నాడు. మాన్యువల్‌లో ఆ సెట్టింగులు ముందు పేజీల్లోకి తేవాలని గట్టిగా చెప్పాను, రాసుకున్నామన్నారు, ఇంకా కొత్త మాన్యువల్ మాత్రం రాలేదు.

ఎనిమిది నెలల్లో బాక్స్ ఒక్కసారి కూడా హ్యాంగ్ అవలేదు, ఏప్రిల్, మేలో ప్యానెల్ లోపల చెయ్యి పెట్టలేనంత వేడిలో కూడా. పోయిన నెల ఒక స్పేర్ కూడా కొనిపించాం, కాన్ఫిగరేషన్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి దాంట్లో ఎక్కించి, డివైస్ పేరు కూడా ఇచ్చేసి, స్టిక్కర్ అంటించి ప్యానెల్ తలుపు లోపల పెట్టాం. మొన్న పాతది తీసి ఇది పెట్టి చూశాం, పది నిమిషాల్లో 14 డివైసులూ వచ్చాయి, ఈసారి మాత్రం ఒక్కో మీటర్ వైరు పీకి బూడిద రంగు వచ్చిందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టా.