పర్లాకిమిడిలో అమెరికా ఫోనుకు లాకు తీయించుకోవడం: ఒక రిపేరు దుకాణం పనితీరు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో అమెరికా నుంచి వచ్చిన పాత ఫోను కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. చదువుకో ఉద్యోగానికో వెళ్లిన పిల్లలు కొత్తది కొనుక్కోగానే పాతదాన్ని అమ్మకో అత్తకో ఇచ్చి వెళ్తారు. అందులో మన సిమ్ వేస్తే ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని తెర మీద పడుతుంది. అమ్మిన కంపెనీ సిమ్ తప్ప వేరేది పనిచేయకుండా ఫోనుకు వేసిన తాళమే దీనికి కారణం, దాన్నే లాకు అంటారు. కొందరు ఫోను చెడిపోయిందనుకుని బీరువాలో పెట్టేస్తారు, మరికొందరు అడిగినంత డబ్బు ఇచ్చి లాకు తీయించే ప్రయత్నం చేస్తారు. ఈ విషయంలో పర్లాకిమిడి బజారులోని ఒక చిన్న మొబైల్ రిపేరు దుకాణం మాకు చేసిన పని గురించి, అంతకంటే ముఖ్యంగా చేయనని చెప్పిన పని గురించి, ఇటువంటి ఫోను ఇంట్లో ఉన్నవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మా మేనల్లుడు వాళ్ల అత్తయ్యకు ఇచ్చి వెళ్లిన ఐఫోన్ 12 అమెరికాలో ఏటీ అండ్ టీ అనే మొబైల్ కంపెనీ వద్ద వాయిదాల మీద కొన్నది. ఈ దుకాణానికి రాకముందు వేరే ఊరిలో ఒక దుకాణంవారు సిమ్ కింద కాగితమంత పల్చని చిప్ ఒకటి అమర్చి, లాకు పోయిందని చెప్పి డబ్బు తీసుకున్నారు. ఆ చిప్ లాకును తీయదు. లోపల ఉన్నది ఆ కంపెనీ సిమ్మేనని ఫోనును నమ్మిస్తుంది, అంతే. కొన్నాళ్లు సిగ్నల్ వచ్చింది. ఫోను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కాగానే అదీ పోయింది, తిరిగి అడిగితే తమకు సంబంధం లేదన్నారు. ఈ చిప్పులు ఇలా పనిచేయడం మానేయడం అరుదేమీ కాదు. తెలిసి కూడా ఆ మాట చెప్పకుండా అమ్మడం వినియోగదారుకు చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పర్లాకిమిడి దుకాణంలో కౌంటరు మీద పరిచిన రబ్బరు షీటు, దాని మీద చిన్న మైక్రోస్కోపు, మరలు విడివిడిగా వేసుకునే ప్లాస్టిక్ పెట్టె తప్ప ఆర్భాటం ఏమీ లేదు. అక్కడి కుర్రవాడు పిన్నుతో సిమ్ ట్రే బయటికి లాగి, చిప్పును గోటితో విడదీసి పక్కన పెట్టి, ఫోనులో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ వరుసగా తెరిచి కిందికి జరిపాడు. అక్కడ ‘క్యారియర్ లాక్’ అన్న వరుసకు ఎదురుగా ‘సిమ్ లాక్డ్’ అని ఉంది. ఆ వరుసను మాకు చూపించి, “మాస్టారూ, ఈ తాళం మన చేతిలోది కాదండీ. అమెరికా కంపెనీ లెక్కల్లో ఉంది. బాకీ ఏమైనా ఉంటే కట్టించండి, వాళ్లే తీస్తారు. నేను తీస్తానని చెప్తే అబద్ధమే అవుతుంది” అన్నాడు. చేతికి వచ్చిన బేరాన్ని ఇంత స్పష్టంగా వదులుకునే దుకాణదారులు మన వైపు ఎక్కువమంది లేరు.

అతడు చెప్పినది అక్షరాలా నిజం. ఐఫోను ఏ కంపెనీకి కట్టుబడి ఉందన్న వివరం యాపిల్ సర్వర్లలో ఉంటుంది. అమ్మిన కంపెనీ విడుదలకు సమ్మతిస్తే అక్కడి నమోదు మారి, ఫోను ఇంటర్నెట్‌కు తగిలినప్పుడు ఆ మార్పు దానికి అందుతుంది. కోడ్ ఏదీ కొట్టనవసరం లేదు. ఏటీ అండ్ టీ పెట్టే షరతులు ముఖ్యంగా మూడు: ఫోను బాకీ పూర్తిగా తీరి ఉండాలి, వారి నెట్‌వర్కులో కనీసం 60 రోజులు పనిచేసి ఉండాలి, పోయినట్టుగా గానీ దొంగిలించినట్టుగా గానీ నమోదై ఉండకూడదు. అమెరికాలో ఇలా లాకు తీయించుకునే వెసులుబాటును తిరిగి చట్టబద్ధం చేస్తూ 2014 ఆగస్టులో ఒక చట్టం కూడా వచ్చింది. కుర్రవాడు *#06# నొక్కి ప్రతి ఫోనుకూ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్యను, అంటే ఐఎంఈఐని, కాగితం మీద రాసిచ్చి, దరఖాస్తులో ఏ గడిలో ఏమి నింపాలో, ఆ తర్వాత ఈమెయిలుకు వచ్చే లింకును ఆలస్యం చేయకుండా ఎందుకు నొక్కాలో మా మేనల్లుడికి ఫోనులోనే వివరించాడు. మిగిలిన వాయిదాలు కట్టి దరఖాస్తు పెట్టాక అనుమతి వచ్చింది. దుకాణంలోనే వైఫైకి తగిలించి ఒడిశా సిమ్ వేయగా, అదే వరుసలో ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని కనిపించింది.

అతడు మొదట అడిగిన ప్రశ్న కూడా గుర్తుంచుకోదగినది: ఫోను ఏ దేశంలో, ఏ సంవత్సరంలో కొన్నారు? కెనడాలో 2017 డిసెంబరు నుంచి, జపాన్‌లో 2021 అక్టోబరు నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి కొత్త ఫోన్లను లాకుతో అమ్మకూడదన్న నియమం ఉంది కనుక, ఆ తర్వాత అక్కడ కొన్న ఫోనుకు ఈ బాధ సాధారణంగా ఉండదు. అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చిన పలు మోడళ్లకు అసలు సిమ్ ట్రేనే లేదు, ఫోనులోనే అమర్చి ఉండే డిజిటల్ సిమ్, అంటే ఈసిమ్ మాత్రమే పనిచేస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం కోడ్ అడుగుతాయి, తప్పు కోడ్లు పదేపదే కొడితే శాశ్వతంగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఐఎంఈఐ మార్చి ఇస్తామనేవారి దగ్గరికి అసలే వెళ్లవద్దు. టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023 ప్రకారం దానికి 3 సంవత్సరాల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చేతులు మారిన ఫోను కొనేముందు ఇంగ్లీషులో కేవైఎం (KYM) అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ సంఖ్య చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపితే దాని వివరాలు తెలుస్తాయి.

లాకు వదిలాక నెట్‌వర్కు మార్చుకునే పని కూడా అక్కడే చేయించుకున్నాము. పాతపట్నం ఇక్కడికి పక్కనే కావడంతో మాలాంటివారి దగ్గర ఆంధ్రలో తీసుకున్న నంబర్లే ఎక్కువ. ఒడిశా దుకాణంలో పోర్ట్ చేయిస్తే, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మార్పిస్తే, ఆ నంబరు ఒడిశా సర్కిల్‌కు, అంటే ఆ టెలికం ప్రాంతానికి మారుతుంది. ఒకే సర్కిల్‌లోనైతే 3 పనిదినాలు, సర్కిల్ మారితే 5 పనిదినాలు పడుతుంది. ఈ సంగతి ఫారం నింపకముందే చెప్పారు. పాత సిమ్ నుంచే 1900కు సందేశం పంపి, వచ్చిన 8 అక్షరాల కోడును గడువైన 4 రోజుల్లోగా వాడుకోవాలని గుర్తు చేశారు. ఇంట్లో మాట్లాడుతుండగా కాల్ తెగిపోయే ఇబ్బంది కొత్త నెట్‌వర్కుతో తీరింది.

లోపాలు లేకపోలేదు. చేసిన పనికి బిల్లు ఇవ్వలేదు, అడిగితే చీటీ మీద రాసిచ్చారు. పనుల ధరల పట్టిక గోడ మీద లేదు. మా దగ్గర నామమాత్రంగానే తీసుకున్నా, కొత్తగా వచ్చేవారికి అది ముందుగా తెలియాలి. ఒక సిమ్ ఆంధ్రది, ఒకటి ఒడిశాది పెట్టుకునేవారికి ఈ ఫోనులో రెండోది ఈసిమ్ కావలసిందే, ఆ పని మాత్రం ఇక్కడ చేయరు, కంపెనీ స్టోరుకు వెళ్లమంటారు. సాయంత్రం రద్దీలో కుర్రవాడికి తీరిక ఉండదు కనుక ఉదయం దుకాణం తెరిచిన వేళకే వెళ్లడం మంచిది. వెళ్లేముందు అమెరికాలో ఫోను కొన్నవారి పేరు, ఖాతా నంబరు, వారు మెలకువగా ఉండే సమయం కనుక్కుని వెళ్తే పని ఒక్కసారిలోనే తెములుతుంది.