మారతహళ్లిలో అద్దెకు తెచ్చుకున్న రెయిన్‌కోటు

అక్టోబరు చివర్లో కర్ణాటకలోని కుమార పర్వతం ఎక్కడానికి బెంగళూరు మారతహళ్లిలోని ఒక దుకాణంలో రెయిన్‌కోటు అద్దెకు తీసుకున్నాను. "ఎంత వానకైనా చుక్క దిగదు సార్" అని తెలుగులోనే భరోసా ఇచ్చారు. కొండ దారి మధ్యలో ఎక్కేవాళ్లు ఆగే భట్టర మనె అనే ఇల్లు దాటాక కుండపోత మొదలైంది. కాసేపటికే భుజాల కుట్ల వెంట నీళ్లు ధారగా వీపు మీదికి దిగాయి. విప్పి తిరగేస్తే, కుట్ల మీద అతికించిన పట్టీ బెత్తెడు మేర ఊడి వేలాడుతోంది. 1,712 మీటర్ల శిఖరం మబ్బుల్లోనే ఉండిపోయింది. వణుకుతూ వెనుదిరిగాను. నెల రోజులుగా ఎదురుచూసిన ప్రయాణం అది, ఏడుపొచ్చింది. వారిచ్చిన సంచీ తొడుగు మాత్రం చాలా గట్టిది. లోపలి పొడి బట్టలే నన్ను కాపాడాయి. డిపాజిట్టు మారుమాట లేకుండా ఇచ్చేశారు. అక్కడ కోటు తీసుకుంటే, ముందు తిరగేసి భుజాల కుట్లు వేలితో తడిమి చూడండి.