అజిలి-సి ఇంప్లాంట్: పగడం సంగతి సరే, ఆ 2 మిల్లీమీటర్ల మాటేమిటి?

మోకాలి గుజ్జు అరిగిందన్న ఒక్క మాటనే మనం రెండు జబ్బులకూ వాడేస్తుంటాం. కీలంతా అరిగి ఎముకా ఎముకా రాసుకోవడం ఒకటి. చుట్టూ బాగానే ఉండి, తొడ ఎముక చివర మృదులాస్థిలో (మనం గుజ్జు అనేది దీన్నే) ఒకచోట మాత్రం గుంట పడటం ఇంకొకటి. కార్టిహీల్ అనే కంపెనీ చేసిన అజిలి-సి, గుంటలో బిగించే ఇంప్లాంట్, ఈ రెండో రకం కోసం తయారైంది. మొత్తం 1 నుంచి 7 చదరపు సెంటీమీటర్ల లోపు గుంటలకు వాడాలి. కీలులో ఓ మోస్తరు అరుగుదల ఉన్నా ఫరవాలేదు, బాగా ముదిరితే మాత్రం ఇది వాడకూడదు. ఇజ్రాయెల్‌లో పుట్టిన ఈ సరుకుకు అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 మార్చిలో అనుమతి ఇచ్చింది. 2024లో కార్టిహీల్‌ను వైద్య పరికరాల సంస్థ స్మిత్ అండ్ నెఫ్యూ కొనేసింది.

చూడటానికి చిన్న సుద్ద బిరడాలా ఉంటుంది. శుద్ధి చేసిన పగడపు అస్థిపంజరం, అంటే అరగొనైట్ అనే స్ఫటిక రూపంలోని కాల్షియం కార్బొనేట్. ఇందులో జీవకణాలు లేవు. కణాలు తీసి, ల్యాబ్‌లో పెంచి, వారాల తర్వాత మళ్లీ కోసి అతికించే పద్ధతితో పోలిస్తే ఇక్కడ ఒకే ఆపరేషన్. మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు కాబట్టి దానంతటది మానదు. అందుకే బిరడాను కింది ఎముకలోకి దించుతారు. ఒకదానితో ఒకటి కలిసే సూక్ష్మరంధ్రాల గుండా మూలుగ కణాలు పైకి పాకుతాయి. కార్బొనేట్ క్రమంగా కరుగుతుంటే దాని చోట ఎముక పోసుకుంటుంది.

ప్రచారమంతా పగడం చుట్టూనే తిరుగుతుంది గానీ, అసలు కిటుకు లోతులో ఉంది. బిరడా పైముఖం చుట్టూ ఉన్న మృదులాస్థి మట్టానికి 2 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. కొత్త పొర పెరగాల్సింది ఆ పల్లంలోనే. మట్టానికి సమంగా వదిలేస్తే మొదటి రోజు నుంచే గట్టి రాయి మీద బరువు పడి, ఎదుటి మృదులాస్థిని గీరేస్తుంది.

కాబట్టి కిట్‌లోని పనిముట్లే సగం సరుకు. ముందు గైడును ఉపరితలానికి లంబంగా నిలిపి కే-వైరు (సన్నటి లోహపు పుల్ల) దించుతారు. తర్వాత డ్రిల్లుకు దారి చూపే గొట్టం (స్లీవు), డ్రిల్లు, రంధ్రాన్ని సరిచేసే రీమరు. చివర మృదులాస్థి అంచును శుభ్రంగా కోసి, సెలైన్‌తో కడుగుతారు. బిరడాను బొటనవేలితో నొక్కి, ఆపైన మెల్లగా తట్టాలి. సుత్తి దెబ్బలు వేస్తే పెళుసు రాయి పగులుతుంది. వైరు కాస్త వాలినా ఒక అంచు పైకి లేచి, రెండోది లోపలికి పోతుంది. పక్కపక్కన రెండు పెట్టాల్సి వస్తే మధ్యలో 5 మిల్లీమీటర్ల ఎముక గట్టు వదలాలి. జిగురు, స్క్రూ ఏవీ ఉండవు, బిగువే ఆధారం. తొలినాటి స్తూపాకారపు బిరడాల్లో మళ్లీ ఆపరేషన్లు ఎక్కువయ్యాకే ఇప్పటి కొద్దిపాటి ఏటవాలు రూపం వచ్చింది. మంచి దిద్దుబాటు.

అనుమతికి ఆధారమైన ట్రయల్‌లో 251 మంది ఉన్నారు. రెండేళ్లకు కూస్ స్కోరు (నొప్పి, కదలిక వంటి వాటిపై రోగి జవాబులతో మోకాలికి వేసే 0-100 మార్కులు) ఇంప్లాంట్ వర్గంలో సుమారు 43 పాయింట్లు, పోలిక వర్గంలో 21 పాయింట్లు పెరిగింది. చికిత్స విఫలమైనవారు వరుసగా 7.2 శాతం, 21.4 శాతం. అంకెలు ఘనమే. కానీ పోటీ పెట్టింది ఎవరితో? గుంటను గీకి శుభ్రం చేయడం, ఎముకకు చిల్లులు పొడిచే మైక్రోఫ్రాక్చర్, ఈ రెంటితో. పెద్ద గుంటల్లో మైక్రోఫ్రాక్చర్ బలహీనమని సర్జన్లకు ఎప్పుడో తెలుసు. కణాలు పెంచి అతికించే పద్ధతితో గానీ, దాత ఎముక ముక్కతో గానీ ఈ ట్రయల్ పోల్చలేదు. అందుకే వాటికంటే మేలని దీన్ని చూపించి అమ్మితే నమ్మక్కర్లేదు.

ట్రయల్ తలుపు దగ్గరే ఆపేసినవారి సంగతీ చూడాలి. కాలు 8 డిగ్రీలకు మించి వంకర ఉన్నవాళ్లను, ఎముక గుంట 8 మిల్లీమీటర్లకంటే లోతున్నవాళ్లను తీసుకోలేదు. బిరడా చుట్టూ పట్టుకోవడానికి గట్టి ఎముక గోడ లేకపోయినా అంతే. చికిత్స చేసిన చోట్లు కూడా తొడ ఎముక చివరి ఉబ్బులు, ముందరి గాడి మాత్రమే. మోకాలి చిప్ప వెనక గుంటకు ఈ లెక్కలు వర్తించవు. కాలు వంకర ఉంటే ముందు దాన్ని సరిచేయించాలి, లేకపోతే నడిచిన ప్రతిసారీ బరువంతా ఆ కొత్త పొర మీదే పడుతుంది.