సింహరాజ అడవిలో సోనీ 200-600: చాలాకాలం వాడాక తేలినవి

శ్రీలంకకు పిట్టల కోసం బయల్దేరేవాళ్లు ముందుగా అడిగేది ‘600 మి.మీ. లెన్సు చాలుతుందా?’ అని. చాలుతుంది. అక్కడి సింహరాజ అడవిలో చాలనిది వెలుతురు. సోనీ 200-600 లెన్సు 600 దగ్గర ఎఫ్/6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు. చెట్ల గుబురు కింద, మబ్బు పట్టిన పూట ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 6400 మామూలే, 12800 కూడా అరుదేం కాదు. కూర్చున్న పిట్టకు షట్టర్ 1/200 సెకనుకు దించి పది పదిహేను ఫ్రేములు వరసగా లాగితే రెండు మూడు పదునుగా వస్తాయి. నాయిస్‌ను తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, కదిలిన ఫొటోకు మాత్రం మందు లేదు. లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించి దూరం పెంచే 1.4 కన్వర్టర్ తగిలిస్తే 840 మి.మీ. దొరుకుతుంది గానీ ఎఫ్/9కి పడిపోతుంది. ఈ అడవికి దాన్ని మోసుకెళ్లడం దండగ.

అయినా ఇక్కడికి ప్రైమ్ (జూమ్ లేని, ఒకే దూరానికి కట్టుబడిన లెన్సు) కంటే ఈ జూమే నయం. సింహరాజలో రకరకాల జాతులు ఒకే గుంపుగా తిరుగుతాయి. ముందు ఆరెంజ్ బిల్డ్ బాబ్లర్ల గోల, దాంతోపాటే శ్రీలంక డ్రాంగో అరుపు. చడీచప్పుడు లేని తోవ కాసేపు సంతలా మారి మళ్లీ ఖాళీ అయిపోతుంది. ఆ కాసేపట్లోనే యాషీ హెడెడ్ లాఫింగ్ థ్రష్ మోకాలెత్తు పొదలో, రెడ్ ఫేస్డ్ మల్కోహా నెత్తిమీద కొమ్మల్లో. అడవిలోకి వెళ్లే దారుల్లో ఒకటైన కుడావ వైపు బ్లూ మాగ్‌పైలు, అడవికోళ్లు ఒక్కోసారి ఎంత దగ్గరికొస్తాయంటే 600 ప్రైమ్‌లో తలకాయ ఒక్కటే పడుతుంది. జూమ్ లోపలే జరుగుతుంది కాబట్టి రింగు కాస్త తిప్పితే చాలు, బరువు ముందుకు వాలదు.

మల్కోహా వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ +1.3 నుంచి +2 దాకా పెంచాలి. లేదంటే ఎర్రటి మొహం స్థానంలో నల్లమచ్చ మిగులుతుంది.

ఫోకస్ దగ్గర ఎక్కువమంది బోల్తా పడేది లెన్సు పక్కనున్న పరిధి మీటతో (ఎంత దూరం నుంచి ఫోకస్ వెతకాలో చెప్పేది). చెరువుగట్టు మీద బాతుల కోసం దాన్ని ‘10 మీటర్ల నుంచి అనంతం’ దగ్గర పెట్టి అలాగే వదిలేస్తారు. అడవిలో పిట్ట ఆరు మీటర్లలో వాలితే ఫోకస్ ముందుకూ వెనక్కీ కొట్టుకుంటుందే తప్ప ఆగదు. లెన్సు పాడైందని కంగారు పడకుండా ముందు ఆ మీట చూసుకోండి. ‘ఫుల్’లో ఉంచితే 2.4 మీటర్ల దాకా పనిచేస్తుంది. ఆకులు అడ్డున్నచోట కెమెరా తనంతట తాను పిట్ట కన్నును పట్టుకునే కంటి గుర్తింపును నమ్ముకోవద్దు, ముందున్న ఆకు మీదికి పోతుంది. చిన్న స్పాట్ ఫోకస్‌కు మారే బటన్ ఒకటి ముందే పెట్టుకోవాలి. మన జెముడుకాకికి దాయాది అయిన గ్రీన్ బిల్డ్ కూకల్ దట్టమైన పొదలు వదిలి రావడం తక్కువ, దానికి ఆ బటనే దిక్కు.

సెరెండిబ్ స్కాప్స్ గుడ్లగూబ 2001లో కంటబడి 2004లో కొత్త జాతిగా నమోదైంది. పగలు నేలకు దగ్గరగా పొదల్లో నిశ్చలంగా కూర్చుంటుంది కాబట్టి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద 1/30 కూడా కుదురుతుంది. ఫ్లాష్ వద్దు. చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో నాలుగు ఫొటోలు తీసుకుని పక్కకు తప్పుకోండి. కూత రికార్డింగు వేయమని గైడును అడగడం మరీ తప్పు.

ఇక మోత సంగతి. ట్రైపాడ్ పాదం లేకుండానే లెన్సు 2,115 గ్రాములు. చేతిసంచి హద్దు 7 కిలోలైన విమానంలో మిగతా సామాను చూసి సర్దుకోవాలి. విడి బ్యాటరీలు చేతిసంచిలోనే పెట్టాలి. పాదం ఆర్కా స్విస్ (ట్రైపాడ్ తలల్లో ఎక్కువగా వాడే బిగింపు) కొలతలో లేదు, విడిగా ప్లేటు బిగించాలి. ఏసీ గదిలోంచి బయటికి తీయగానే గాజుకు ఆవిరి పడుతుంది, జిప్పు మూసిన సంచిలోనే అరగంట ఉంచి తీయండి. వానకవరు, జలగల మేజోళ్లు లేకుండా అడవిలోకి దిగొద్దు.

శంషాబాద్‌లో ఎక్కేముందే కస్టమ్స్ కౌంటర్‌లో లెన్సు, కెమెరా బాడీ సీరియల్ నంబర్లు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. సామాను ఇక్కడిదేనని తిరిగొచ్చేటప్పుడు వాదించే పని తప్పుతుంది. కొన్న బిల్లు కూడా వెంట ఉంచుకోండి.