గంట లెక్కా, పీసు లెక్కా? ఇంట్లో కుట్టేవాళ్ళకి ఏది మేలు

ఇంట్లో మిషన్ పెట్టుకుని కుట్టే ఆడవాళ్ళలో, గంటకు తనకెంత పడుతోందో లెక్క చూసుకున్నవాళ్ళు చాలా తక్కువ. నేనూ చాలా ఏళ్ళు చూసుకోలేదు. వీధి చివర కుట్టే ఆవిడ లైనింగ్ జాకెట్టుకి ఎంత తీసుకుంటే నేనూ అంతే. పోయిన శ్రావణంలో రోజుకు పన్నెండు గంటలు కూర్చున్నా నెలాఖరుకి చేతిలో ఏమీ నిలవలేదు. అప్పుడు ఫోన్లో టైమర్ పెట్టి, ఏ పనికి ఎంతసేపు పడుతోందో నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. కుక్కర్ కూత పెడితే టైమర్ ఆపి లేచాను, వచ్చి కూర్చున్నాక మళ్ళీ నొక్కాను.

ముందు లైనింగ్ జాకెట్టు. లైనింగ్ గుడ్డ తడిపి ఆరేశాక ఇస్త్రీ చేసి కట్ చేయడానికి 35 నిమిషాలు. మిషన్ మీద గంటా పావు. హెమ్మింగు, హుక్కులు, కాజాలకి 40 నిమిషాలు. చివరి ఇస్త్రీ 10. మొత్తం 2 గంటల 40 నిమిషాలు. తీసుకున్నది 350 రూపాయలు. అందులో లైనింగ్, దారం, హుక్కుల ఖర్చు 80 పోతే 270 మిగిలింది. అంటే గంటకు 101.

తర్వాత మగ్గం వర్కు, అంటే గుడ్డని చెక్క చట్రానికి బిగించి చేత్తో చేసే ఎంబ్రాయిడరీ. అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. వెనక మెడకీ రెండు చేతులకీ డిజైను. బటర్ పేపర్ మీద గీసి, గీత వెంట సూదితో పొడుచుకుంటూ పోయి, గుడ్డ మీద పరిచి పౌడరూ కిరసనాయిలూ కలిపి రుద్దితే చుక్కలు దిగుతాయి. అప్పుడు గుడ్డని మగ్గానికి బిగించాలి. పై నుంచి కొనకి కొక్కెం ఉండే ఆరీ సూది దించుతూ, కింద రెండో చేత్తో దారం అందిస్తూ, జరీ, పూసలు, కుందన్లు. అన్నీ కలిపి 26 గంటలు పట్టింది. 2,500 తీసుకున్నాను. ఆ అంకె చూసి పెద్ద పని చేశానని సంతోషపడ్డాను కూడా. సామాను 600 పోతే మిగిలింది 1,900, గంటకు 73 రూపాయలు. చేతివృత్తులవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీపని కూడా ఉంది. అందులో శిక్షణకి వెళ్ళినవాళ్ళకి రోజుకు 500 స్టయిపెండ్ ఇస్తారు. ఎనిమిది గంటలనుకుంటే గంటకు 62. నేర్చుకునేవాళ్ళకిచ్చే డబ్బుకీ, ఇన్నేళ్ళ నా చేతిపనికీ తేడా పదకొండు రూపాయలే. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇంకో వింత ఏమిటంటే, ఇంతవరకు చిన్నచూపు చూసిన పనులే ఎక్కువ ఇస్తున్నాయి. పాత జాకెట్టు సైడ్లు విప్పి వదులు చేస్తే 50 రూపాయలు, పట్టేది 20 నిమిషాలు. గంటకు 150 అన్నమాట.

షాపుల జాబ్ వర్కు సంగతీ చెప్పాలి. మాస్టర్ కట్ చేసిన ముక్కలు ఇస్తారు, లైనింగూ దారమూ వాళ్ళవే, కస్టమర్‌తో మాట్లాడే పని లేదు. జాకెట్టుకి 180 ఇచ్చేవారు. కటింగ్ లేదు కాబట్టి 2 గంటల 5 నిమిషాలు, అంటే గంటకు 86. టెన్షన్ తక్కువే గానీ రేటు వాళ్ళ చేతిలో ఉంటుంది. మా పాలకొల్లు పక్కనే నర్సాపురం. అక్కడ లేసు అల్లే ఆడవాళ్ళకి ఇది తెలిసిన కథే. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లినదాన్ని పీసు లెక్కన తీసుకుంటాడు. అది ఎక్కడ ఎంతకి అమ్ముడైందో అల్లిన చేతికి తెలియదు. కొత్తగా మొదలుపెట్టిన అమ్మాయి చెయ్యి తిరిగేదాకా షాపు పని చేస్తే మంచిదే. అదే బతుకుతెరువు చేసుకోవద్దంటాను.

మరి అందరికీ గంట లెక్కనే చెప్పేస్తే? నేను చెప్పి చూశాను. "నువ్వు ఎంతసేపు కుడతావో నాకేం తెలుసక్కా, ఎంతవుతుందో ఒక్క మాట చెప్పు" అంది ఓ అమ్మాయి. తప్పేం లేదు, ఇంట్లో బడ్జెట్ చూసుకునే మనిషి అలాగే అడుగుతుంది. దీనికన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. నేను 2 గంటల 40 నిమిషాల్లో కుట్టే జాకెట్టుని కొత్త అమ్మాయి ఐదు గంటలు కుడుతుంది. గంట లెక్కయితే ఎక్కువ డబ్బులు ఆమెకే రావాలి. చెయ్యి తిరిగిన కొద్దీ సంపాదన తగ్గే పద్ధతి మనకెందుకు?

పీసు రేటులో ఇబ్బంది వేరు. "చేతికి చిన్న పైపింగ్ వెయ్యక్కా", "డోరీలకి లట్కన్లు పెట్టక్కా" అంటూ పని పెరుగుతుంది, డబ్బు మాత్రం పెరగదు.

అందుకే నేను రెంటినీ కలిపాను. రేటు కట్టుకునేది గంటలతో, కస్టమర్‌కి చెప్పేది పీసుకి. నా గంట ధర ఇలా తేలింది. నెలకు 15,000 చేతికి రావాలి. కరెంటు, నూనె, సూదులు, మిషన్ రిపేరు, ముందుముందు కొత్త మిషన్ కొనడానికి దాచేది కలిపి ఇంకో 1,200. నెలకు 16,200, ఏడాదికి 1,94,400. మూఢాలు, ఆషాఢం లెక్కేసుకుంటే గట్టిగా పని ఉండేది పది నెలలే. ఆ నెలల్లోనూ బజారుకెళ్ళి మ్యాచింగ్ తేవడం, కొలతలు, ట్రయళ్ళు పోగా సూది నడిచేది 120 గంటలు. ఏడాదికి 1,200 గంటలు. భాగిస్తే 162 వచ్చింది. 160 పెట్టుకున్నాను.

ఆ లెక్కన లైనింగ్ జాకెట్టు 507 కావాలి. ఒక్కసారిగా అంత పెంచితే మా వీధిలో నిలబడలేను, అందుకని 450 చేశాను. మగ్గం డిజైను 4,760 కావాలి. అంత ఎవరిస్తారు, కంప్యూటర్ మిషన్ మీద కుట్టే వర్కు తక్కువకే దొరుకుతుంటే? ఇక్కడ రేటు తగ్గించడం కంటే పని తగ్గించడం మేలనిపించింది. మెడ చుట్టూ ఒక వరస, చేతులకి బార్డరు ఉండేలా 12 గంటల్లో అయ్యే డిజైన్లు నాలుగు గీసి పెట్టుకున్నాను. సామాను 380తో కలిపి 2,300. బడ్జెట్ 2,500 అని వచ్చినవాళ్ళకి అవే చూపిస్తాను. నిండా వర్కు కావాలంటే 4,700 అని నెమ్మదిగా చెప్తాను, ఎన్ని గంటల పనో కూడా చెప్తాను. 26 గంటలని వింటే చాలామంది బేరం ఆపేస్తారు. కొందరు వెళ్ళిపోతారు, వాళ్ళని ఆపను.

గంట రేటు కస్టమర్‌తో నేరుగా మాట్లాడేది ఒక్కచోటే, పెద్ద ఆల్టరేషన్లలో. ఒకసారి పెళ్ళి లెహంగా టాపు వదులు చేయడానికి 300 అని ఒప్పుకున్నాను. కుట్లు విప్పితే లోపల మార్జిన్ లేదు. చంకల కింద ముక్క అతికి, పైన ఊడిన పూసలన్నీ మళ్ళీ కుట్టేసరికి ఆరు గంటలైంది. విప్పితే గానీ తెలియని పనికి ముందే ధర చెప్పకూడదు. ఇప్పుడు, "గంటకు 160 అమ్మా, మూడు గంటలు దాటేలా ఉంటే ముందు ఫోన్ చేసి అడుగుతా" అంటున్నాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

కొత్త రేట్లు ఆషాఢంలోనే చెప్పేయండి, తీరా శ్రావణంలో చీర చేతికొచ్చాక చెప్తే గొడవలవుతాయి. నేను మిషన్ పక్కన గోడకి కాగితం అంటించాను: జాకెట్టు ధర, పైపింగ్‌కి ఇంత, డోరీలకి ఇంత, వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు ఇచ్చే అర్జంటు పనికి వంద ఎక్కువ. మొదటి రోజు ఆ కాగితం ముందు నిలబడి చదివిన ఆవిడ, పైపింగ్ వద్దులే అని చెప్పి వెళ్ళింది.