జంట మోటార్ల కంపనాలను విడదీసే ఎనలైజర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఈ చేతి వైబ్రేషన్ ఎనలైజర్ బ్యాటరీ, తెర, బరువు గురించి అందరికీ తెలిసిందే కనుక వాటి జోలికి పోను. థర్మల్ కేంద్రం బొగ్గు విభాగంలో ఏళ్ల తరబడి వాడుతున్న నాకు దీనిమీద మక్కువ కలగడానికి కారణం ఒక్కటే, 3200 లైన్ల స్పెక్ట్రమ్, అంటే కంపనంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో 3200 సన్నని గళ్లుగా విడదీసి చూపే పటం.

మా కన్వేయరు ఒకదాన్ని ఒకే ఉక్కు ఫ్రేము మీదున్న రెండు మోటార్లు నడుపుతాయి. మొదటి మోటారు బేరింగు దగ్గర కంపనం సెకనుకు 3 నుంచి 7 మిల్లీమీటర్ల మధ్య మెల్లగా పెరిగి తగ్గుతూ, దాదాపు పది సెకన్లకోసారి అదే వరుసలో తిరిగి వచ్చేది. పాత పరికరం 1000 హెర్ట్జ్‌ల పరిధిని 800 లైన్లుగా పంచేది, అంటే లైనుకు 1.25 హెర్ట్జ్; అందులో 25 హెర్ట్జ్ దగ్గర ఒకే శిఖరం, అదీ కొలిచిన ప్రతిసారీ ఒక్కో ఎత్తులో కనిపించేది. ఆ అంకెలను నమ్మి కాంట్రాక్టరు మొదటి మోటారుకు బేరింగులు మార్చి, అలైన్‌మెంట్ సరిచేసినా కంపనం తగ్గలేదు.

కొత్త ఎనలైజర్‌లో పరిధిని 100 హెర్ట్జ్‌లకు కుదించి 3200 లైన్లు పెట్టగానే 24.72, 24.82 హెర్ట్జ్‌ల వద్ద రెండు శిఖరాలు విడివిడిగా నిలిచాయి. నిమిషానికి చుట్లు కొలిచే టాకోమీటరు మొదటి మోటారుకు 1483, రెండోదానికి 1489 ఆర్‌పీఎం చూపింది. తేడా 0.1 హెర్ట్జ్ కనుక ఆ పది సెకన్ల హెచ్చుతగ్గులు ఇంటర్ భౌతికశాస్త్రంలో చదువుకున్న విస్పందనాలే, అంటే దగ్గరి ఫ్రీక్వెన్సీలున్న రెండు కంపనాలు కలిసినప్పుడు పుట్టేవి. శిఖరాలలో పెద్దది, సెకనుకు 5 మిల్లీమీటర్లది, రెండో మోటారుది. మోటారు శక్తిని ద్రవం ద్వారా కన్వేయరుకు అందించే దాని ఫ్లూయిడ్ కప్లింగ్‌లో మోటారుతో పాటు తిరిగే భాగానికి ఎవరో వేరే బరువున్న ప్లగ్గు బిగించడం వల్ల పుట్టిన అన్‌బ్యాలెన్స్ (తిరిగే బరువు ఒక పక్కకు మొగ్గడం) తాలూకు కంపనం ఫ్రేము గుండా పక్క మోటారుకు పాకింది. ప్లగ్గు మార్చిన రోజే ఊగిసలాట దాదాపు ఆగిపోయింది.

అయితే ఈ సూక్ష్మతకు ఒక్కో రికార్డుకు 32 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో బెల్టు మీద బొగ్గు హెచ్చుతగ్గులైతే మోటార్ల వేగం మారి శిఖరాలు అలుక్కుపోతాయి కనుక నేను ఖాళీ బెల్టు మీదే కొలుస్తాను. భారం పడినప్పుడే బయటపడే లోపాలు అలా దొరకవు. ఇక బొగ్గును జల్లించే వైబ్రేటింగ్ స్క్రీన్ల దగ్గర ఈ సదుపాయం అక్కరకు రాదు. వాటి రెండు మోటార్లూ తమంతట తామే ఒకే వేగానికి కుదురుకుంటాయి కనుక ఎన్ని లైన్లు పెట్టినా శిఖరం ఒక్కటే, అక్కడ రెండు చానళ్లతో, అంటే ఒకేసారి రెండు చోట్ల, ఫేజ్ (ఒక కంపనం మరోదానికన్నా ఎంత ముందో వెనకో) కొలవాల్సిందే.

ఒక్క మోటారుతో నడిచే పంపులు, ఫ్యాన్లు మాత్రమే చూసుకునేవారికి ఇంత ధర పెట్టమని చెప్పలేను. మా విభాగంలో జంట డ్రైవులు ఎక్కువ కావడంతో మరొకటి కావాలని ప్రతిపాదన పెట్టాను, ఈసారి రెండు చానళ్లున్నది.